పన్నెండేళ్లలో పది టైటిళ్లు: జాన్ వుడెన్ రికార్డులో కోచ్ వాటా ఎంత, రూల్స్ వాటా ఎంత?

ప్రతి మార్చిలో అమెరికా ఆఫీసుల్లో ఒక కాగితం చేతులు మారుతూ ఉంటుంది. 68 కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లు, అన్నీ నాకౌట్ మ్యాచ్‌లు, ఎవరు ఎవరిని ఓడిస్తారో ముందే రాసి ఇవ్వాలి. రింగులో బంతి పడితే ఎన్ని పాయింట్లో సరిగ్గా తెలియని మన తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడా, టీమ్ లీడ్ అడిగాడు కదా అని దాన్ని నింపి ఇస్తుంటారు. ఆ మూడు వారాల్లో ఏదో ఒక రోజు టీవీలో జాన్ వుడెన్ పేరు వినిపించి తీరుతుంది.

1964 నుంచి 1975 దాకా పన్నెండు సీజన్లు. అందులో పదిసార్లు లాస్ ఏంజిలెస్‌లోని యూసీఎల్‌ఏ అనే యూనివర్సిటీ జాతీయ చాంపియన్. మధ్యలో 1967 నుంచి 1973 వరకు వరసగా ఏడు. పదిసార్లూ కోచ్ వుడెనే. ఆ తర్వాత పురుషుల ఆటలో వరసగా మూడు గెలిచిన టీమ్ కూడా లేదు. రెండు వరసగా గెలిచినవే మూడు: 1991, 92లో డ్యూక్, 2006, 07లో ఫ్లోరిడా, 2023, 24లో కనెక్టికట్.

దీని మీద రెండు వర్గాలున్నాయి. అంతటి కోచ్ మళ్లీ పుట్టడు అనేది ఒకరి మాట. ఆ రోజుల్లో పోటీ ఎక్కడుంది, రూల్సే అతన్ని గెలిపించాయి అనేది రెండో వాళ్ల మాట. కాలేజీలు తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చంటూ 2025 జూన్‌లో అమెరికా కోర్టు ఒక ఒప్పందాన్ని ఆమోదించాక, ఈ పాత తగాదాను కొత్తగా చూడాల్సి వస్తోంది. ఎందుకో తెలియాలంటే కాస్త మొదటి నుంచి రావాలి.

కాలేజీ ఆటకు అక్కడ అంత హడావుడి ఎందుకు

మన దగ్గర అంతర విశ్వవిద్యాలయ పోటీలు జరుగుతాయి. చూసేది ఆడేవాళ్ల స్నేహితులు, పీఈటీ సార్లు. అమెరికాలో అలా కాదు. ప్రొఫెషనల్ లీగుకు వెళ్లే కుర్రాళ్లు తయారయ్యేది చాలావరకు కాలేజీల్లోనే. స్టేడియంలు, టీవీ హక్కులు, వేల మంది జనం, అన్నీ అక్కడే. వీటిని నడిపే కాలేజీల సంఘం పేరు ఎన్‌సీఏఏ. ఎవరు ఆడొచ్చు, ఎన్నేళ్లు ఆడొచ్చు, ఆడినందుకు ఏం పుచ్చుకోవచ్చు అనే రూల్స్ రాసేది అదే. ఈ మూడు ప్రశ్నలనూ గుర్తుపెట్టుకోండి. వుడెన్ కథ వీటి చుట్టూనే తిరుగుతుంది.

కాలేజీ కోచ్ పని కూడా ప్రొఫెషనల్ కోచ్ పనిలాంటిది కాదు. ఊరూరూ తిరిగి, హైస్కూల్లో బాగా ఆడే పిల్లల ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రులను ఒప్పించి తెచ్చుకోవాలి. దీన్నే రిక్రూటింగ్ అంటారు. అలా తెచ్చుకున్నవాళ్లు మూడు నాలుగేళ్లలో చదువు అయిపోయి వెళ్లిపోతారు. హాస్టల్ వార్డెన్ బతుకే. పిల్లలు అలవాటయ్యేలోపు గదులు ఖాళీ అవుతాయి. కాబట్టి ఒక కాలేజీ పన్నెండేళ్లు పైన ఉందంటే, గెలిచింది ఒక టీమ్ కాదు, మూడు నాలుగు వేర్వేరు టీమ్‌లు.

కోచ్ కాకముందు అతనే స్టార్

వుడెన్ 1910లో ఇండియానా రాష్ట్రంలో పుట్టాడు. పొలం పోగొట్టుకున్న రైతు కుటుంబం. మార్టిన్స్‌విల్ హైస్కూల్ తరఫున 1927లో రాష్ట్ర చాంపియన్ అయ్యాడు. తర్వాత పర్డ్యూ యూనివర్సిటీ. ఇప్పుడు మన పిల్లలు ఇంజినీరింగ్ ఎంఎస్ కోసం వెళ్లే పర్డ్యూయే. 1930, 31, 32, మూడేళ్లూ దేశంలోని ఉత్తమ ఆటగాళ్ల జాబితాలో అతని పేరుంది. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలే. బంతి కోసం నేల మీద పడి మళ్లీ బంతిలాగే లేచేవాడు కాబట్టి ‘ఇండియానా రబ్బరు మనిషి’ అని పేరొచ్చింది.

1932లో పర్డ్యూ జాతీయ చాంపియన్ అని పుస్తకాల్లో ఉంటుంది. కానీ ఆ ఏడాది ఫైనల్ ఎవరి మీద గెలిచిందని వెతికితే దొరకదు. ఫైనల్ జరగలేదు. ఎన్‌సీఏఏ టోర్నమెంట్ మొదలైందే 1939లో. అంతకుముందు సంవత్సరాల చాంపియన్లను హెల్మ్స్ ఫౌండేషన్ అనే సంస్థ తర్వాతెప్పుడో రికార్డులు చూసి నిర్ణయించింది. ‘టైటిల్’ అన్న మాట అన్ని కాలాల్లోనూ ఒకే పని గురించి చెప్పదని అక్కడే తేలిపోతోంది. ఈ వ్యాసమంతటికీ అదే కిటుకు.

పర్డ్యూలో అతని కోచ్ వార్డ్ లాంబర్ట్. నడిచే ఆటను పరిగెత్తించినవాడని ఆయనకు పేరు. బంతి చేతికి రాగానే ఉరకడం, ఎదుటివాళ్లు అలసిపోయే దాకా ఉరుకుతూనే ఉండటం ఆయన పద్ధతి. వుడెన్ తర్వాత నేర్పిన ఆటకు పునాది అదే. స్టార్ ఆటగాళ్లు మంచి కోచ్‌లు కాలేరని ఒక నానుడి ఉంది, తమకు సహజంగా వచ్చింది ఎదుటివాడికి ఎందుకు రాదో వాళ్లకు అర్థం కాదని. వుడెన్ ఆ గండం ఎలా దాటాడంటే, కాలేజీ అయిపోయాక పదేళ్లకు పైగా హైస్కూల్లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పాడు. కెంటకీలోని డేటన్ హైస్కూల్లో కోచ్‌గా అతని మొదటి సీజన్‌లో ఆరు గెలుపులు, పదకొండు ఓటములు. ఆ తర్వాత ఎప్పుడూ గెలుపుల కన్నా ఓటములు ఎక్కువైన సీజన్ లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో నేవీలో పనిచేసి వచ్చి, 1946లో ఇండియానా స్టేట్ కాలేజీలో చేరాడు. అప్పటి ఒక జాతీయ టోర్నమెంట్‌లో నల్లజాతి ఆటగాళ్లకు ప్రవేశం లేదు. తన టీమ్‌లో క్లారెన్స్ వాకర్ ఉన్నాడు కాబట్టి 1947లో వచ్చిన ఆహ్వానాన్ని తిప్పికొట్టాడు. మరుసటి ఏడాది నిర్వాహకులు ఆ నిషేధం ఎత్తేశారు. వాకర్ ఆడాడు, టీమ్ ఫైనల్ దాకా వెళ్లింది.

1948లో అతనికి మనసున్నది మిన్నెసోటా యూనివర్సిటీ మీద. వాళ్లు ఫోన్ చేస్తామన్న సాయంత్రం మంచు తుఫానుకు లైన్లు తెగాయి. ఈలోపు యూసీఎల్‌ఏ వాళ్ల ఫోన్ వచ్చింది, సరే అనేశాడు. తర్వాత మిన్నెసోటా ఫోన్ కలిసింది గానీ ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేదు.

ఎవరూ గుర్తుపెట్టుకోని పదిహేనేళ్లు

వుడెన్‌ను గొప్పగా చెప్పేవాళ్లూ, తీసిపారేసేవాళ్లూ ఇద్దరూ దాటేసే లెక్క ఒకటుంది. యూసీఎల్‌ఏలో మొదటి పదిహేను సీజన్లలో అతనికి ఒక్క జాతీయ టైటిల్ కూడా లేదు.

చెడ్డగా ఏం ఆడలేదు. చివరి స్థానంలో ఉంటుందని అందరూ అనుకున్న టీమ్ మొదటి ఏడాదే 22 గెలిచి 7 ఓడింది. కానీ సొంత స్టేడియం లేదు. ఉన్న పాత జిమ్ చెమట కంపుకు ప్రసిద్ధి, పేరు కూడా అలాంటిదే పెట్టారు. టోర్నమెంట్‌లో చివరి నాలుగు టీమ్‌ల దాకా వెళ్లింది మొదటిసారి 1962లో. ఇప్పటి రోజుల్లో పెద్ద కాలేజీలో టైటిల్ లేకుండా పదిహేనేళ్లు కోచ్‌గా ఉంచుతారా? నాకైతే నమ్మకం లేదు.

మార్పు 1963–64లో వచ్చింది. అసిస్టెంట్ కోచ్ జెర్రీ నార్మన్ పట్టుబట్టి జోన్ ప్రెస్ పెట్టించాడు. మామూలుగా ఎదుటి టీమ్ బంతి తీసుకుని మన సగంలోకి వచ్చాక అడ్డుకుంటారు. ప్రెస్ అంటే వాళ్ల రింగు కిందే, బంతి లోపలికి వేసిన క్షణం నుంచే చుట్టుముట్టడం. ఆ టీమ్‌లో మొదటి ఐదుగురిలో 6 అడుగుల 5 అంగుళాలు దాటినవాడు లేడు. బాస్కెట్‌బాల్‌కు అది పొట్టి టీమే. 30 ఆడి 30 గెలిచింది, ఫైనల్లో డ్యూక్‌ను 98–83తో ఓడించింది. లాంబర్ట్ దగ్గర నేర్చుకున్న ఉరుకులాటకు నార్మన్ ప్రెస్ తోడైంది. ఇది ఒక్క మనిషి బుర్రలోంచి ఊడిపడింది కాదు.

నాలుగు మ్యాచ్‌లా, ఆరు మ్యాచ్‌లా: చిన్న లెక్క

ఇక రెండో వర్గం వాదనకు వద్దాం. దాంట్లో గట్టి పాయింటు టోర్నమెంట్ సైజు.

1964 నుంచి 1974 దాకా టోర్నమెంట్‌లోకి 22 నుంచి 25 టీమ్‌లనే తీసుకునేవారు. యూసీఎల్‌ఏకు మొదటి రౌండు ఆడే పని ఉండేది కాదు. నాలుగు మ్యాచ్‌లు గెలిస్తే కప్పు. 1975లో టీమ్‌లు 32 అయ్యాయి, ఐదు గెలవాలి. ఇప్పుడు 68 టీమ్‌లు, చాలామందికి ఆరు గెలవాలి.

ఆ రెండు మ్యాచ్‌ల తేడా ఎంత? పది మ్యాచ్‌లు ఆడితే తొమ్మిది గెలిచే స్థాయి టీమ్ ఉందనుకోండి, ఎదురుగా ఎవరున్నా సరే. నాలుగు వరసగా గెలిచే అవకాశం 0.9ని నాలుగుసార్లు హెచ్చవేస్తే వస్తుంది: దాదాపు 66 శాతం. ఆరు గెలవాలంటే 53 శాతం. ఒక్క ఏడాదికి పెద్ద తేడా అనిపించదు. కానీ మనం మాట్లాడుతున్నది వరసగా ఏడేళ్ల గురించి. ఏడు నాలుగులు 28. ఆ టీమ్ 28 మ్యాచ్‌లు వరసగా గెలిచే అవకాశం సుమారు 5 శాతం. ఏడు ఆర్లు 42. నలభై రెండూ గెలిచే అవకాశం 1.2 శాతం. అంటే అప్పటి పద్ధతి ఆ పనిని నాలుగు రెట్లకు పైగా తేలిక చేసింది.

అదే లెక్కను ఇంకో పక్కనుంచి చదవండి. తేలిక చేశాక కూడా మిగిలింది 5 శాతమే. పైగా యూసీఎల్‌ఏ నిజంగా గెలిచినవి 28తో ఆగలేదు. 1964 నుంచి 1974 వరకు టోర్నమెంట్‌లో వరసగా 38 గెలిచింది. రూల్స్ గుమ్మం తగ్గించిన మాట నిజం, కానీ ఆ గుమ్మమూ ఎత్తైనదే.

రెండో రూలు: ఒక్కో కాన్ఫరెన్స్ నుంచి, అంటే ఒక ప్రాంతపు కాలేజీల లీగు నుంచి, చాంపియన్‌కే ప్రవేశం. దీనికి 1971 చక్కటి ఉదాహరణ. లాస్ ఏంజిలెస్‌లోనే ఉన్న మరో యూనివర్సిటీ యూఎస్‌సీ ఆ ఏడాది 24 గెలిచి 2 ఓడింది. ఆ రెండూ యూసీఎల్‌ఏ చేతిలోనే. దేశంలో మొదటి ఐదు టీమ్‌ల స్థాయి, అయినా టోర్నమెంట్‌కు పిలుపు లేదు. ఇప్పుడైతే ఆ రెండూ ఏ సెమీఫైనల్లోనో మళ్లీ తలపడేవి. వుడెన్‌కు అలా ఒక పెద్ద ప్రత్యర్థి తప్పుకున్నాడు.

కానీ ఆ కత్తి రెండు వైపులా తెగుతుంది. 1966లో యూసీఎల్‌ఏ తన కాన్ఫరెన్స్‌లో ఆరెగాన్ స్టేట్ కన్నా వెనకబడింది, ఇంట్లో కూర్చుంది. ఆ ఏడాది కాలేజీలో దేశంలోకెల్లా గొప్ప ఆటగాడున్నాడు, ఏడడుగుల పైచిలుకు లూ ఆల్సిండర్. తర్వాత కరీమ్ అబ్దుల్ జబ్బార్‌గా ప్రపంచానికి తెలిసినవాడు. అప్పట్లో మొదటి సంవత్సరం విద్యార్థులు ప్రధాన టీమ్‌లో ఆడకూడదు. 1965 నవంబర్‌లో కొత్త స్టేడియం పాలీ పెవిలియన్‌లో ఆల్సిండర్ ఉన్న మొదటి సంవత్సరం కుర్రాళ్లు, డిఫెండింగ్ చాంపియన్లయిన సీనియర్లను 75–60తో చితక్కొట్టారు. ఆ కుర్రాళ్లను ఆడించే వీలుంటే పదకొండో టైటిల్ కూడా వచ్చేదేమో.

మనకు దగ్గరి పోలిక కావాలంటే రంజీ ట్రోఫీ ఉంది. 1958–59 నుంచి 1972–73 వరకు బొంబాయి వరసగా పదిహేనుసార్లు గెలిచింది. 1973–74లో కర్ణాటక ఆ వరసకు అడ్డుకట్ట వేసింది. యూసీఎల్‌ఏ వరస తెగింది కూడా 1974లోనే, కాకతాళీయంగా. బొంబాయి గెలుపుల్లో జోన్ల పద్ధతి వాటా ఎంత, అక్కడి మైదానాల వాటా ఎంత, ఆటగాళ్ల వాటా ఎంత అని మనమూ వాదించుకోవచ్చు. ఒక్క తేడా ఏమిటంటే బొంబాయి ఆటగాళ్లు ఏళ్ల తరబడి ఉండేవారు.

పొడుగువాళ్లుంటే ఎవరైనా గెలుస్తారా

‘ఆల్సిండర్, వాల్టన్ ఉంటే నేనూ గెలిపిస్తా’ అనే వెటకారం ఒకటి ఎప్పుడూ వినబడుతుంది. సగం నిజం.

ఆల్సిండర్ ఆడిన మూడేళ్లలో యూసీఎల్‌ఏ 88 గెలిచి 2 ఓడింది, మూడు టైటిళ్లు. అతని మొదటి సీజన్ అయిపోగానే ఎన్‌సీఏఏ డంక్‌ను, అంటే బంతిని రింగులోకి పైనుంచి గుద్దడాన్ని, నిషేధించింది. అతని కోసమే ఆ రూలు పెట్టారని చాలామంది నమ్మకం. నిషేధం ఉండగానే మిగతా రెండూ గెలిచాడు. తర్వాత వచ్చిన మరో పొడుగువాడు బిల్ వాల్టన్ హయాంలో రెండు టైటిళ్లు. 1973 ఫైనల్లో 22 సార్లు బంతి వేస్తే 21 పడ్డాయి, 44 పాయింట్లు. కాలేజీ ఆటలో ఒక పెద్ద మ్యాచ్‌లో ఒక్కడి ఆట అంతకన్నా బాగుండటం కష్టం.

మొత్తం ఐదు. మరి మిగతా ఐదు, 1964, 65, 70, 71, 75? వాటిలో ఈ ఇద్దరూ లేరు. ఒకసారి పొట్టి టీమ్‌తో ప్రెస్, తర్వాత సిడ్నీ విక్స్, కర్టిస్ రో లాంటి బలమైన ఫార్వర్డ్‌లతో ఇంకోరకం ఆట. కోచ్ వాటా ఎంతని నన్నడిగితే, ఏడు వరస టైటిళ్ల కన్నా ఈ ఐదింటినే ముందు చూపిస్తాను. పైగా వాల్టన్ ఉన్న మూడో ఏడాది, 1974లో, గెలవలేదు. సెమీఫైనల్లో రెండో ఓవర్‌టైమ్‌లో ఏడు పాయింట్లు ముందుండి కూడా నార్త్ కెరొలైనా స్టేట్ చేతిలో 80–77తో ఓడింది. గొప్ప సెంటర్, అంటే రింగు దగ్గర ఆడే పొడుగువాడు, ఉంటే చాలన్న వాదనకు అక్కడ గండి పడుతుంది.

ఇంకో సంగతి. ఆ కాలంలో ఇలాంటి ఆటగాడు కాలేజీలో ఎన్నాళ్లుండేవాడు? 1971 దాకా, హైస్కూల్ అయిన నాలుగేళ్ల వరకు ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏ తలుపు తీసేది కాదు. ఇప్పుడు ఆల్సిండర్ లాంటివాడు ఒక్క ఏడాది ఆడి వెళ్లిపోతాడు. నచ్చకపోతే మధ్యలోనే వేరే కాలేజీకి మారిపోవచ్చు.

ప్రాక్టీసులో ఏం చెప్పేవాడు

అసలు నేర్పడం ఎలా ఉండేదో ఊహించుకోనక్కర్లేదు. 1974–75 సీజన్‌లో రోనాల్డ్ గాలిమోర్, రోలాండ్ థార్ప్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ప్రాక్టీసులకు వెళ్లి అతను నేర్పిన ప్రతి సందర్భాన్నీ లెక్క కట్టారు. మొత్తం 2,326. స్ఫూర్తినిచ్చే ఉపన్యాసాలు దొరుకుతాయనుకుంటే దొరకలేదు. పొగడ్తలు 6.9 శాతం, చివాట్లు 6.6 శాతం. దాదాపు 75 శాతం ఒట్టి సమాచారమే: కాలు ఇక్కడ పెట్టు, బంతి అటు వెయ్యి, ఇలా కాదు అలా. చాలావరకు చిన్న చిన్న ముక్కలు.

సీజన్ మొదటి రోజు సాక్సులు ముడతలు లేకుండా ఎలా వేసుకోవాలో చూపించేవాడు. ముడత ఉంటే బొబ్బ, బొబ్బ ఉంటే ప్రాక్టీసుకు సెలవు. దేశంలోకెల్లా పేరున్న కుర్రాళ్లు మొదటి రోజు నేలమీద కూర్చుని సాక్సులు సర్దుకునేవారు. వుడెన్ సూక్తులు పట్టుకుని వ్యక్తిత్వ వికాసం పాఠాలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు ఆ సూక్తుల కన్నా సాక్సులే ఎక్కువ చెబుతాయి.

శామ్ గిల్బర్ట్ అనే ముళ్ల కంప

ఈ భాగం లేకుండా వుడెన్ గురించి రాస్తే అది భజన అవుతుంది.

శామ్ గిల్బర్ట్ లాస్ ఏంజిలెస్‌లో బిల్డర్, డబ్బున్నవాడు, యూసీఎల్‌ఏ అభిమాని. ఆటగాళ్లకు పెద్దదిక్కులా ఉండేవాడు. వాళ్ల టికెట్లు ఎక్కువ ధరకు అమ్మిపెట్టడం, కార్లూ బట్టలూ తక్కువకు ఇప్పించడం లాంటివి చేసేవాడని 1982లో లాస్ ఏంజిలెస్ టైమ్స్ రాసింది. అప్పటి రూల్స్ ప్రకారం ఫీజు, గది, భోజనం, పుస్తకాల లాంటివి మినహా ఆటగాడు ఏదీ తీసుకోకూడదు. 1981లో ఎన్‌సీఏఏ యూసీఎల్‌ఏ మీద చర్య తీసుకుంది, 1980 టోర్నమెంట్ ఫలితాన్ని కొట్టేసింది, గిల్బర్ట్‌ను దూరం పెట్టమంది. కానీ అది వుడెన్ వెళ్లిపోయిన తర్వాతి కాలానికి వేసిన శిక్ష. వుడెన్ టైటిళ్ల జోలికి ఎవరూ వెళ్లలేదు.

అతనికి తెలియదా? తెలిసే కళ్లు మూసుకున్నాడనేవాళ్లున్నారు. ఆటగాడి సాక్సులో ముడత పట్టుకున్న మనిషికి అతని ఒంటిమీద కొత్త కోటు కనబడలేదా అన్నది వాళ్ల ప్రశ్న, తేలిగ్గా తోసేయలేం. అనుమానం వచ్చింది, ఆధారం దొరకలేదు, ఆటగాళ్లను హెచ్చరించాడు అన్నది అతని వైపువాళ్ల మాట. వాళ్లలో ఇంకొందరు, గిల్బర్ట్ రాకముందే 1964, 65 టైటిళ్లు వచ్చాయని గుర్తుచేస్తారు. మిగతా పెద్ద కాలేజీల్లోనూ అలాంటి అభిమానులుండేవారన్నది మూడో వాదన. అది తప్పును ఒప్పు చేయదు, ఆ తప్పు వల్ల ఒక్క టీమ్‌కే లాభం వచ్చిందన్న మాటను మాత్రం బలహీనపరుస్తుంది.

కొత్త రూల్స్ వెలుగులో చూస్తే విషయం ఇంకా తిరగబడుతుంది. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరుతో ప్రకటనల్లో సంపాదించుకోవచ్చు. 2025–26 నుంచి కాలేజీలే ఆటగాళ్లకు డబ్బు పంచవచ్చు. ఆ మొదటి ఏడాది పరిమితి, అన్ని ఆటలకూ కలిపి, సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. అప్పుడు చాటుగా జరిగిన పనికి ఇప్పుడు అగ్రిమెంట్లు, ఏజెంట్లు. వుడెన్ జీతం ఎప్పుడూ ఏడాదికి 35 వేల డాలర్లు దాటలేదని చెబుతారు. అలాంటి మనిషి ఇప్పుడు హైస్కూల్ కుర్రాడి ఇంటికెళ్లి, సాక్సుల పాఠంతో పాటు ఎంత ఇవ్వగలడో కూడా చెప్పాలి.

1975 తర్వాత

ఇన్ని కారణాల్లో ఏది అసలైనదో తేల్చాలంటే, వుడెన్ వెళ్లిపోయాక ఏం జరిగిందో చూస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. 1975లో సెమీఫైనల్ అవగానే రిటైర్ అవుతున్నట్టు ఆటగాళ్లకు చెప్పాడు. రెండు రోజుల తర్వాత ఫైనల్లో కెంటకీ మీద 92–85. యూసీఎల్‌ఏలో అతని లెక్క 27 సీజన్లు, 620 గెలుపులు, 147 ఓటములు. ఆ కాలేజీకి తర్వాతి టైటిల్ ఇరవయ్యేళ్లకు, 1995లో వచ్చింది.

కోచ్ వల్లే గెలిచారని దీంతో తేలిపోయినట్టేనా? తేలలేదు. ఎందుకంటే కోచ్, రూల్స్ ఒకే సమయంలో మారాయి. 1972–73 నుంచి మొదటి సంవత్సరం విద్యార్థులు ఆడొచ్చన్నారు, దాంతో మంచి కుర్రాళ్లు వెంటనే ఆడే అవకాశం ఉన్న కాలేజీలకు సర్దుకున్నారు. 1975 నుంచి కాన్ఫరెన్స్‌లో రెండో స్థానం వాళ్లకూ పిలుపు వచ్చింది. టోర్నమెంట్ 32 అయింది, తర్వాత పదేళ్లకు 64. ఒక మందు ఆపి, అదే రోజు ఇంకో మందు మొదలుపెడితే జ్వరం దేనివల్ల మారిందో ఏ డాక్టరు చెప్పగలడు?

వుడెన్ కుర్చీలో కూర్చున్నది జీన్ బార్టో. రెండు సీజన్లలో 52 గెలిచి 9 ఓడాడు. మొదటి ఏడాదే చివరి నాలుగు టీమ్‌లలోకి తీసుకెళ్లాడు. ఏ కాలేజీలోనైనా అంతటివాడికి జీతం పెంచుతారు. లాస్ ఏంజిలెస్‌లో అతన్ని ఎంతగా విమర్శించారంటే, ఆ టెన్షన్ తట్టుకోలేక 1977లో ఉద్యోగం వదిలేసి, అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో అప్పటికి బాస్కెట్‌బాల్ టీమే లేని ఒక యూనివర్సిటీలో మొదటి నుంచి టీమ్ కట్టడానికి వెళ్లిపోయాడు.